ఇంకెంత దూరం, నాన్నా?



ఒక బస్సు ప్రయాణంతో మొదలుపెడతాను. పట్టపగలు, పల్లెవెలుగు బస్సు. కిటికీ పక్కన ఐదారేళ్ల పిల్లవాడు కూర్చున్నాడు. "నాన్నా, ఇంకెంత దూరం?" అంటాడు. "ఇదిగో, వచ్చేసింది" అంటాడు నాన్న. పావుగంట పోయాక మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. నాలుగోసారికో ఐదోసారికో పిల్లవాడు అడగడం మానేస్తాడు. హమ్మయ్య, మరిచిపోయాడు అనుకుంటాడు నాన్న. వాడు మరిచిపోలేదు. కిటికీలోంచి కిలోమీటరు రాళ్లు చూస్తున్నాడు. వాటి మీద అంకెలు కూడబలుక్కుంటున్నాడు. నాన్నను అడిగి లాభం లేదని వాడికి తెలిసిపోయింది, అంతే. ఇవాళ నేను మాట్లాడబోయేది అలా అడగడం మానేసిన పిల్లల గురించి. క్యాన్సర్ వచ్చిన పిల్లల గురించి. అందులోనూ, ఇక నయం కాకపోవచ్చు అని డాక్టర్లు పెద్దవాళ్లను బయటికి పిలిచి చెప్పిన పిల్లల గురించి.

అలాంటి పిల్లలకు అందే సేవను పాలియేటివ్ కేర్ అంటారు. ఉపశమన చికిత్స అని కూడా అంటున్నాం. ఆ మాట వినగానే మన ఇళ్లలో గుండె జారిపోతుంది. డాక్టర్లు చేతులెత్తేశారు అనుకుంటాం. అది సరికాదు. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లోనే ఈ సంగతి తేల్చి చెప్పింది. ఈ సేవ జబ్బు బయటపడిన రోజునే మొదలవ్వాలి. కీమో నడుస్తున్నా, ఆగిపోయినా కొనసాగాలి. ఒంటిని, మనసును, ఇంటిని కలిపి చూసుకోవాలి. అందులో మనసు వంతు గురించే ఇవాళ నా మాట. అయితే ముందు నొప్పి గురించి ఒక్క ముక్క చెప్పాలి. అమెరికాలోని బోస్టన్‌లో, క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న 103 మంది తల్లిదండ్రులను పరిశోధకులు అడిగారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. ఆఖరి నెలలో తమ బిడ్డ కనీసం ఒక బాధతోనైనా బాగా అల్లాడిపోయాడని నూటికి 89 మంది చెప్పారు. నొప్పికి మందు వాడిన పిల్లల్లో ఆ మందు పనిచేసిందని చెప్పింది నూటికి 27 మంది విషయంలోనే. అంత పెద్ద ఆసుపత్రులున్న ఊళ్లోనే అలా ఉంది. నొప్పితో మెలికలు తిరుగుతున్న పిల్లవాడికి మంచిమాట చెవికెక్కదు. కాబట్టి డాక్టరు మార్ఫిన్ సిరప్ రాస్తే పేరు చూసి బెదిరిపోకండి. చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు ఇవ్వండి. నొప్పి సంగతి ఇక్కడితో ఆపుతాను. దానికి ఇంకో ప్రసంగం కావాలి.

ఇప్పుడు అసలు మాట. పిల్లవాడు అడిగినప్పుడు అబద్ధం చెప్పకండి. అడిగినంతే చెప్పండి. వాడి మనసుకు పట్టినంతే చెప్పండి. ఈ ప్రసంగంలో నేను చెప్పేది ఇదొక్కటే. దీన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెబుతాను. వినగానే మీకు కోపం రావచ్చు. పసివాడికి చావు గురించి చెప్పమంటారా అని అడగాలనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ముందు, పసివాడికి ఏమీ తెలియదు అనే మన నమ్మకం ఎంతవరకు నిజమో చూద్దాం.

యూజీనియా వెక్టర్ అని అమెరికాలో ఒక నర్సింగ్ పరిశోధకురాలు. ఆరు నుంచి పదేళ్ల లోపు పిల్లలు 64 మందితో ఆమె ఒక పని చేసింది. కొన్ని బొమ్మలు చూపించి, వాటి మీద కథలు చెప్పమంది. వాళ్లలో 16 మందికి ప్రాణాంతకమైన జబ్బుంది. ఆ 16 మందిలో ఇంట్లోవాళ్లు తమ జబ్బు గురించి మాట్లాడింది ఇద్దరితోనే. మిగతావాళ్లకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినా వాళ్ల కథల్లో చావు వచ్చింది. ఒంటరితనం వచ్చింది. మామూలు జబ్బులతో ఆసుపత్రిలో ఉన్న పిల్లలతో పోలిస్తే వాళ్లలో ఆందోళన దాదాపు రెట్టింపు కనిపించింది. ఇది 1971లో అచ్చయింది. తర్వాత మైరా బ్లూబాండ్ లాంగ్నర్ అనే మానవశాస్త్రవేత్త బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల వార్డులో నెలల తరబడి కూర్చుంది. మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు. వాళ్ల మాటలు, ఆటలు గమనించి 1978లో పుస్తకం రాసింది. పిల్లలకు విషయం మెట్లు మెట్లుగా తెలుస్తుందని ఆమె చూపించింది. ముందు, ఇది పెద్ద జబ్బు అని తెలుస్తుంది. తర్వాత మందుల పేర్లు, వాటి వల్ల వచ్చే బాధలు తెలుస్తాయి. ఏ పరీక్ష ఎందుకో తెలుస్తుంది. జబ్బు తగ్గుతుంది, మళ్లీ తిరగబెడుతుంది అని తెలుస్తుంది. చివరికి, మందులు అనంతం కావని, అవి అయిపోతే చావు వస్తుందని తెలుస్తుంది. ఆ చివరి మెట్టు ఎప్పుడు ఎక్కుతారు? తనలాంటి జబ్బే ఉన్న ఇంకో పిల్లవాడు వార్డులో చనిపోయాడని తెలిసినప్పుడు. ఆ వార్డు పిల్లలకు షార్లెట్స్ వెబ్ అనే కథల పుస్తకం చాలా ఇష్టం. అందులో ఒక సాలీడు చనిపోతుంది. ఆ అధ్యాయమే చదివి వినిపించమని కొందరు అడిగేవారు. పెద్దవాళ్లు చాలామంది వాళ్లతో చావు మాట ఎత్తలేదు. పిల్లలే తమకు కావలసిన పేజీ వెతుక్కున్నారు.

అమెరికా వార్డు దాకా ఎందుకు, మన ఇంట్లోనే చూడండి. డాక్టరు "ఒకసారి బయటికి రండి" అంటారు. నాన్న, బాబాయి బయటికి వెళ్తారు. తలుపు సందులోంచి పిల్లవాడు చూస్తూనే ఉంటాడు. లోపలికి వచ్చాక నాన్న కళ్లు ఎర్రగా ఉంటాయి. "ఏం లేదురా, దుమ్ము పడింది" అంటాడు. మర్నాటి నుంచి ఇంటి తీరే మారిపోతుంది. హోంవర్క్ చేయలేదని అమ్మ తిట్టదు. అడక్కముందే బొమ్మలు వస్తాయి. ఎన్నడూ రాని మేనత్త రైలెక్కి వస్తుంది. గల్ఫ్‌లో ఉన్న మామయ్య సెలవు పెట్టి దిగుతాడు. వచ్చిన ప్రతివాళ్లూ తల నిమిరి, వంటింట్లోకి వెళ్లి గుసగుసలాడతారు. పిల్లవాడు వెళ్తే గుసగుస ఆగిపోతుంది. ఇవన్నీ కిలోమీటరు రాళ్లే. ప్లేట్‌లెట్స్ ఎంత ఉన్నాయో, కౌంట్స్ ఎందుకు పడిపోయాయో చెప్పగలిగే పిల్లవాడు, ఇంట్లో ఇన్ని మార్పులు చూసి ఏమీ అనుకోడా? వాడికి తెలుసు. తెలుసన్న సంగతి మీకు తెలియనివ్వడు. ఎందుకంటే మీరు ఏడుస్తారని వాడికి భయం. మీరు వాడి కోసం నటిస్తుంటారు, వాడు మీ కోసం నటిస్తుంటాడు. ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద, ఇద్దరూ ఒంటరిగా ఉంటారు. నన్నడిగితే జబ్బు కంటే బరువైనది ఇదే.

సరే, చెబితే ఏమవుతుంది? చెప్పి పశ్చాత్తాపపడ్డవాళ్లు ఎందరు? దీనికి స్వీడన్ నుంచి ఒక జవాబుంది. ఉల్రికా క్రైక్‌బెర్గ్స్, ఆమె తోటి పరిశోధకులు, క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను దేశమంతటా వెతికి ప్రశ్నలు పంపారు. 449 మంది జవాబిచ్చారు. ఫలితాలు 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. బిడ్డతో చావు గురించి మాట్లాడామన్నవాళ్లు 147 మంది. వాళ్లలో, ఎందుకు మాట్లాడామా అని బాధపడ్డవాళ్లు ఒక్కరూ లేరు. మళ్లీ చెబుతున్నాను. 147 మందిలో ఒక్కరూ లేరు. మాట్లాడలేదన్నవాళ్లు 258 మంది. వాళ్లలో 69 మంది, అయ్యో మాట్లాడలేకపోయామే అని ఏళ్ల తర్వాత కూడా బాధపడుతున్నారు. తన పరిస్థితి బిడ్డకు తెలుసని లోలోపల పసిగట్టి కూడా మాట్లాడని తల్లిదండ్రుల్లో ఆ బాధ ఇంకా ఎక్కువ.

ఇక్కడ ఒక లెక్క దాచిపెడితే నేనూ బస్సులో నాన్న లాంటివాణ్ణే అవుతాను. మాట్లాడని 258 మందిలో 189 మంది బాధపడలేదు. అంటే మాట్లాడనివాళ్లలో ఎక్కువమందికి ఆ పశ్చాత్తాపం లేదు. కాబట్టి అందరూ కూర్చోబెట్టి చెప్పి తీరాలని ఈ లెక్క అనడం లేదు. నేనూ అనడం లేదు. కొందరు పిల్లలు అడగరు. మొహం తిప్పుకుంటారు. అదీ వాళ్ల హక్కే. నా మాట అడిగే పిల్లల గురించి. పెదవి దాకా వచ్చిన ప్రశ్నను మన మొహం చూసి మింగేసే పిల్లల గురించి.

అడిగినప్పుడు ఎలా చెప్పాలి? అన్నం తినిపించడం తెలిసిన ప్రతి అమ్మకూ ఇది తెలుసు. పెరుగన్నం మెత్తగా కలుపుతుంది. ముద్ద ఎంత పెడుతుంది? తన నోటికి పట్టినంత కాదు, బిడ్డ నోటికి పట్టినంత. పెట్టి ఆగుతుంది. నమిలాడా, మింగాడా చూస్తుంది. నోరు తెరిస్తే ఇంకో ముద్ద. మొహం తిప్పుకుంటే అప్పటికి చాలు. కంచమంతా ఒక్కసారే నోట్లో కుక్కే తల్లి ఉండదు. అన్నం అసలే పెట్టని తల్లీ ఉండదు. నిజం కూడా అలాగే పెట్టాలి. మొదటి ముద్ద ఒక ఎదురు ప్రశ్న. పిల్లవాడు "అమ్మా, నేను చచ్చిపోతానా?" అంటాడు. "ఛీ, అవేం మాటలు" అనకండి. ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. "నీకెందుకలా అనిపించింది, నాన్నా?" అని అడగండి. అడిగి ఊరుకోండి. వాడు ఏం చెబుతాడో మీరు ఊహించలేరు. "పక్క బెడ్ అన్న మళ్లీ రాలేదు కదా" అనవచ్చు. "రాత్రి ఊపిరి ఆడలేదు" అనవచ్చు. "నేను పోతే నువ్వు తమ్ముణ్ణి ఒక్కణ్ణే ముద్దు చేస్తావా" అనవచ్చు. మూడూ మూడు వేరు ప్రశ్నలు. ఒకరికి పక్క బెడ్ అన్న సంగతి కావాలి. ఒకరికి ఊపిరాడకపోతే ఏ మందు ఇస్తారో కావాలి. మూడోవాడికి చావు గురించి ఏమీ అక్కర్లేదు. అమ్మ తనను మరిచిపోదని వింటే చాలు. ఏ ప్రశ్నో తెలియకుండా జవాబిస్తే ఆకలి ఒకటి, వడ్డన ఇంకొకటి అవుతుంది. తెలిశాక, ఆ ప్రశ్నకే చెప్పండి. "డాక్టర్లు చాలా ప్రయత్నిస్తున్నారు. ఈ జబ్బును పూర్తిగా పోగొట్టే మందు ఇప్పుడు వాళ్ల దగ్గర లేదు. నీకు నొప్పి లేకుండా చూసే మందు ఉంది. నేను నీ దగ్గరే ఉంటాను." నాలుగు చిన్న వాక్యాలు. ఇందులో అబద్ధం లేదు. భయపెట్టేదీ లేదు. చెప్పి ఆగండి. నోరు తెరుస్తాడా, మొహం తిప్పుకుంటాడా చూడండి.

మాటల ఎంపికలో కాస్త జాగ్రత్త కావాలి. మన భాషలో చావుకు మెత్తని మాటలు చాలా ఉన్నాయి. అవి పెద్దవాళ్ల కోసం పుట్టిన మాటలు. "తాతయ్య పోయాడు" అంటాం. ఎక్కడికి పోయాడు? దుకాణానికి పోయినవాడు తిరిగి వస్తాడు కదా. "కన్నుమూశాడు" అంటాం. కళ్లు మూసుకోవడం దాగుడుమూతల్లో రోజూ చేసే పనే. "నిద్రపోయాడు" అంటే మరీ ప్రమాదం. ఆ రాత్రి నుంచి పిల్లవాడు నిద్రకు జడుస్తాడు. మరియా నాగీ అనే పరిశోధకురాలు బుడాపెస్ట్‌లో పిల్లలతో మాట్లాడి, చావంటే వాళ్లు ఏమనుకుంటారో 1948లోనే రాసింది. ఐదేళ్లలోపు పిల్లలకు చావంటే ఒక ప్రయాణం, లేదా ఒక నిద్ర. తిరిగి రావచ్చు అనుకుంటారు. తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి అది అందరికీ వచ్చేదని, వస్తే పోయేది కాదని అర్థమవుతుంది. వయసు ఒక్కటే కొలత కాదనుకోండి. మూడేళ్లు ఆసుపత్రిలో గడిపిన ఆరేళ్ల పాపకు బయట పదేళ్ల పిల్లకు తెలియనివి తెలుస్తాయి. అందుకని "చనిపోవడం" అనే మాటే వాడండి. చనిపోతే ఒంటికి ఆకలి ఉండదు, నొప్పి ఉండదు, సూది గుచ్చుకోదు అని చెప్పండి. చాలామంది పిల్లలకు ఆ చివరి మాట మీద పెద్ద అనుమానం ఉంటుంది. దేవుడి మీద మీ ఇంట్లో నమ్మకముంటే, ఆ నమ్మకం కూడా చెప్పండి. మీరు నమ్మనిది మాత్రం వాడి కోసం అల్లకండి.

ఇంకో సంగతి. ఇది చెప్పకపోతే మిగతాదంతా వృథా. చిన్నపిల్లలు ఏ కష్టానికైనా తామే కారణం అనుకుంటారు. మనం దానికి ఆజ్యం పోస్తాం. "అన్నం తినలేదు, అందుకే కౌంట్స్ పడిపోయాయి" అంటాం. "మాట వినకపోతే సూది వేయిస్తా" అంటాం. చూడ్డానికి వచ్చిన పెద్దమ్మ మంచం పక్కనే నిలబడి "ఏ పాపం చేశామో" అంటుంది. ఆమె అంటున్నది తన బాధ. పిల్లవాడికి వినబడేది తన పాపం. కాబట్టి వాడు అడగకపోయినా చెప్పవలసింది ఇదొక్కటే ఉంది. "ఇది నీ తప్పు వల్ల రాలేదు. నువ్వు ఏదో చేసినందుకో, చేయనందుకో రాలేదు." వాడి అన్నకూ చెల్లికీ కూడా ఇదే చెప్పండి. నిన్న కొట్లాడి "నువ్వు చచ్చిపో" అన్న చెల్లి, ఆ మాట మోస్తూ తిరుగుతుంటుంది. ఆ పిల్లను ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు అభ్యంతరాలు. ఇది స్వీడన్ వాళ్ల సంగతి, మన సంప్రదాయం వేరు అని ఒక మాట. నోటితో అశుభం పలకకూడదు, తథాస్తు దేవతలు ఉంటారంటాం. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. స్వీడన్ లెక్క మన ఇంటికి అలాగే సరిపోతుందని కూడా అనను. కానీ మౌనం మన ఒక్కళ్ల సంప్రదాయమే అనుకోవడం పొరపాటు. 1961లో చికాగోలో ఒక ఆసుపత్రి డాక్టర్లను అడిగితే, క్యాన్సర్ అని రోగికి మామూలుగా చెప్పం అని నూటికి 90 మంది అన్నారు. అవి పెద్దవాళ్ల కేసులు, పిల్లలవి కాదు. 1979లో అవే ప్రశ్నలు మళ్లీ ఇంకొందరు అమెరికా డాక్టర్లను అడిగితే, చెప్పడమే మంచిదని నూటికి 97 మంది అన్నారు. పద్దెనిమిదేళ్లలో అంత మార్పు. అక్కడా ఒకప్పుడు మనలాగే తలుపు బయట గుసగుసలాడేవాళ్లు. పైగా నేను చెప్పేది అశుభం పలకమని కాదు. అడిగిన బిడ్డకు జవాబు చెప్పమని.

చెబితే ఆశ చచ్చిపోతుంది అని రెండో అభ్యంతరం. ఇది పెద్దది. ఆశ ఒక్కటే ఉంటుంది అనుకుంటే అది నిజమే. పిల్లల దగ్గర ఆశలు డజన్లకొద్దీ ఉంటాయి. రేపు జ్వరం రాకూడదు. ఆదివారం ఇంటికి వెళ్లాలి. కుక్కపిల్లను చూడాలి. స్కూల్లో స్నేహితుడు రావాలి. పుట్టినరోజు ముందే చేసుకోవాలి. నయమవుతుంది అనే పెద్ద ఆశను మనం అబద్ధంతో నిలబెడుతుంటే, ఈ చిన్నవి మన కంట పడవు. "తగ్గాక చేద్దాంలే" అంటాం. ఆ తర్వాత రోజులు మిగలవు. నిజం తెలిసిన ఇంట్లో ఆదివారం ప్రయాణానికి డాక్టరును అడుగుతారు, మందులు సర్దుకుంటారు, వెళ్లొస్తారు. మరి చెబుతూ నేను ఏడ్చేస్తే? అని కొందరు తండ్రులకు భయం. ఏడవండి. "నువ్వంటే చాలా ఇష్టం కదా, అందుకే ఏడుపొచ్చింది" అని చెప్పండి. బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చే నాన్న కంటే ఆ నాన్న పిల్లవాడికి అర్థమవుతాడు.

మాటలు రాని పసివాళ్లకు, మాటలు ఇష్టంలేని పిల్లలకు ఆట ఉంది. బొమ్మకు సెలైన్ పెట్టనివ్వండి. డాక్టరును తిట్టనివ్వండి. బొమ్మ వేయమనండి, ఏమిటో వివరించమని వెంటపడకండి. ఇక పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లల సంగతి వేరు. ఫోన్‌లో స్టేజ్ ఫోర్ అని కొట్టి వాళ్లు ఎప్పుడో చదివేసుంటారు. వాళ్లతో డాక్టరు నేరుగా మాట్లాడాలి. ఏ మందు, ఎందుకు, ఇంట్లోనా ఆసుపత్రిలోనా అని వాళ్ల అభిప్రాయం అడగాలి. వాళ్లకు కాస్త ఏకాంతం కూడా కావాలి. ఇదంతా తల్లిదండ్రులు ఒంటిచేత్తో చేయాలని కాదు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు పాలియేటివ్ సేవ ఉంది. మీరు చూపించుకునే ఆసుపత్రిలో కూడా పాలియేటివ్ విభాగం ఉందా, కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. అడగడానికి ఆఖరి రోజు దాకా ఆగకండి. మీ మనసు మీ చేతిలో లేకపోతే టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నంబరు 14416. రాసుకోండి, ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.

ఒక విషయానికి మాత్రం ముందే సిద్ధపడండి. మీరు రాత్రంతా మాటలు కూడబలుక్కుంటారు. గుండె రాయి చేసుకుని ఆ నాలుగు వాక్యాలు చెబుతారు. పిల్లవాడు వింటాడు. "ఊ" అంటాడు. కాసేపు దుప్పటి అంచు నలుపుతాడు. తర్వాత "కార్టూన్ పెట్టు" అంటాడు. వాడికి అర్థం కాలేదేమో అని మళ్లీ మొదలుపెట్టకండి. వాడి నోటికి పట్టిన ముద్ద వాడు తీసుకున్నాడు. రేపో ఎల్లుండో, దీపం ఆర్పాక, మళ్లీ అడుగుతాడు. ఇప్పటికి కార్టూన్ పెట్టండి. పక్కన చోటు చేసుకుని మీరూ కూర్చుని చూడండి.